మాట తెలిసిన సంరక్షణ

మొన్న మన సంఘ కార్యాలయమునకు ఒక వృద్ధమాత వచ్చినది. వయస్సు డెబ్బది దాటినది. తమిళనాట నాలుగు తరములుగా స్థిరపడిన కుటుంబము. ఆమె కుమారుడు నలుబది రెండేండ్లవాడు. పుట్టుకతోనే మేధోవైకల్యము గలవాడు. భర్త గతించిన పిమ్మట, తన చేతులలో సత్తువ తగ్గుటవలన, ఆమె అతనిని ఊరికి సమీపముననున్న ఒక చిన్న సంరక్షణ గృహమున చేర్చినది. అచ్చట నివసించువారు పదకొండుగురు. ఇల్లు శుభ్రముగనే యున్నది. వేళకు అన్నము పెట్టుదురు. చేయిచేసికొనువారు ఎవరును లేరు. ఆమె మా యొద్దకు ఫిర్యాదుతో రాలేదు. తన మనస్సులోని ఒక దిగులు చెప్పుకొనుటకు వచ్చినది.

చేరిన రెండవ మాసమున ఆ కుమారుడు రాత్రులు నిద్రపోక, తన చెంపమీద తానే కొట్టుకొనుట మొదలుపెట్టినాడు. పళ్ళెము త్రోసివేయుచుండెను. "సలుపు, సలుపు" అని దినమంతయు అనుచుండెను. వారి యింట ఏ బాధకైనను అతని మాట అదియే. తలనొప్పియు సలుపే, కడుపునొప్పియు సలుపే, కాలిలో ముల్లు దిగినను సలుపే. పరిచారిక తమిళ వనిత. మంచి మనస్సు గలది. తమిళమున 'సలిప్పు' అనగా విసుగు. పాపము, ఇతనికి విసుగు పుట్టినదని తలచి, ఆమె ప్రతి సాయంకాలము చేయి పట్టుకొని వీథి చివరవరకు నడిపించి తీసికొనివచ్చుచుండెను. అప్పటికిని తగ్గకపోవుటచే, వైద్యునితో చెప్పి రాత్రిపూట నిద్రమాత్ర వేయించిరి. ఇట్లు మూడు వారములు గడచినవి. తల్లి చూడవచ్చిన దినమున గుమ్మములోనే ఆ మాట విని, నోరు తెరిపించి చూచినది. దవడపన్ను చీముపట్టి యున్నది.

"వాడు చెప్తూనే ఉన్నాడయ్యా. వాళ్ళకే తెలియలేదు. రేపు నేను పోతే వాడి మాట ఎవరికి తెలుస్తుంది?" అని ఆమె మమ్ము అడిగినది. ఆ ప్రశ్నకు మా యొద్ద వెంటనే జవాబు లేకపోయినది. ఈ వారము ఈ పుటలో దీనిని గూర్చియే వ్రాయుటకు కారణము అదియే.

ఈ వృత్తాంతమున దుష్టులు ఎవరును లేరన్న సంగతిని పాఠకులు గమనింతురు గాక. పరిచారిక దయామయి. గృహ నిర్వాహకులు దొంగలు కారు. వైద్యుడు తనకు చెప్పినదానికి మందు ఇచ్చినాడు. ఐనను ఒక మనుష్యుడు మూడు వారములు పంటిపోటుతో వేగినాడు. సంరక్షణము యొక్క నాణ్యతను మనము సాధారణముగా భవనమును చూచి, వంటను చూచి, నిర్వాహకుల మాటతీరును చూచి నిర్ణయింతుము. అవి అవసరమే. కాని వాటికన్న ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు: ఈ యింట నున్నవాని మాట ఈ యింట ఎవరికైనను తెలియునా? ఇది తెలియని చోట తక్కిన సదుపాయములు ఎన్ని యున్నను, సంరక్షణము సగమే యని మా దృఢాభిప్రాయము.

మేధోవైకల్యము గలవారిని లోకము పూర్వము మందబుద్ధులనియు, పిచ్చివారనియు పిలిచినది. మనోవ్యాధి వేరు, మేధోవైకల్యము వేరు. మనోవ్యాధి యే వయస్సుననైనను రావచ్చును, చికిత్సచే తగ్గవచ్చును. మేధోవైకల్యము వ్యాధి కాదు. నేర్చుకొనుట, లెక్కించుట, క్రొత్త పరిస్థితికి సర్దుకొనుట బాల్యమునుండియే మెల్లగా సాగు స్థితి యది. దానిని మాన్పు మందు లేదు. నేర్పుటయు, తోడుండుటయు గలవు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇట్టివారు సుమారు 15 లక్షలమందిగా తేలిరి. ఇంటివారు దాచిపెట్టినవారు, గుర్తింపబడనివారు ఆ లెక్కకు ఎక్కియుండరు.

ఈ భేదమును పాటింపక, ఇరు తెగలవారిని ఒకే కప్పు క్రింద మూసివేయుట మన దేశమున చిరకాలము జరిగినది. మూసివేసినచోట నేమగునో తమిళనాట రామనాథపురము జిల్లాలోని ఏర్వాడి చూపినది. 2001 ఆగస్టు 6వ తేదీన అచ్చటి యొక మానసిక రోగుల ఆశ్రయము అంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది ప్రాణములు కోల్పోయిరి. అది మనోవ్యాధిగ్రస్తుల ఆశ్రయమే యైనను, తన కష్టమును తాను చెప్పుకొనలేని ప్రతివాని విషయమునను ఆ పాఠము వర్తించును. బయటివారి కన్ను పడని చోట సంకెల యొక అలవాటుగా మారును.

అటుపిమ్మట చట్టములు మారినవి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికను భారతదేశము 2007లో ఆమోదించినది. దాని ననుసరించి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, వైకల్యము గలవారికి సమాజము నడుమ నివసించు హక్కు కలదని తన 5వ విభాగమున చెప్పినది. ఫలానా విధమైన వసతిలోనే యుండవలెనని వారిని నిర్బంధింపరాదనియు అందే యున్నది. అందుచేత వందలమందిని ఒకచోట చేర్చు పెద్ద ఆశ్రయములకంటె, పదిమంది పండ్రెండుమంది వీథిలోని ఇండ్లలో కలసియుండు చిన్న గృహములే మేలన్న భావము బలపడినది. ఇది మంచి మార్పు.

ఐనను 'చిన్నది కనుక మంచిది' అని మనము నిశ్చింతగా నుండరాదు. ఇంగ్లండు దేశమున బ్రిస్టల్ నగర సమీపముననున్న వింటర్‌బోర్న్ వ్యూ అను 24 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఉదంతమును ఇచ్చట స్మరింపవలసియున్నది. మేధోవైకల్యము గలవారికై నడచిన ఆ సంస్థలో ఒక్కొక్కరికి వారమునకు సగటున 3,500 పౌనుల వ్యయము. ప్రభుత్వ తనిఖీ శాఖయు గలదు. అట్టిచోట సిబ్బంది రోగులను కొట్టుట, ఈడ్చుట, పరిహసించుట 2011లో బీ.బీ.సీ. వారు రహస్యముగా చిత్రించి చూపువరకు ఆగలేదు. అంతకుముందే అచ్చటి నర్సు ఒకరు చేసిన ఫిర్యాదులను ఎవరును లక్ష్యపెట్టలేదు. పదకొండుగురు సిబ్బందికి 2012లో న్యాయస్థానము శిక్ష విధించినది. డబ్బును, పరిమిత సంఖ్యయు, తనిఖీ కాగితములును కలసి కూడ ఆ నిస్సహాయులను కాపాడలేకపోయినవి. లోపల చెప్పువాని మాటను బయట వినువాడు లేకపోవుటయే అందలి లోపము.

కావున మనవారు ఇట్టి గృహమును చూడబోవునప్పుడు గమనింపవలసిన విషయములను కొన్నిటిని ఇచ్చట పేర్కొనుచున్నాము. మొదటిది, రిజిస్ట్రేషను. 2016 చట్టములోని 50వ విభాగము ప్రకారము, ధ్రువపత్రము లేనిదే వికలాంగుల సంస్థను ఎవరును నడుపరాదు. ఆ పత్రమును చూపుమని అడుగుట మర్యాదకు లోటు కాదు. రెండవది, రాత్రివేళ. పగలు నలుగురు పరిచారకులున్నను, రాత్రి ఎందరు మేల్కొనియుందురో అడుగవలెను. మూడవది, సొంత వస్తువులు. ప్రతివానికిని తన బట్టలు, తన దువ్వెన, తన పండ్లకుంచె, తన పెట్టె వేరుగా నుండవలెను. బట్టలన్నియు ఒకే గుట్టగా నుతికి చేతికి వచ్చినది తొడుగుచోట మనుష్యుని గుర్తు మాసిపోవును. నాలుగవది, ఎంపిక. పప్పు కావలెనా చారు కావలెనా, ఎఱ్ఱ చొక్కాయా నీలి చొక్కాయా అని అడుగుట చిన్న విషయముగా తోచును. దినమునకు ఒక్క ప్రశ్నయైనను అడుగబడని మనుష్యుడు కొంతకాలమునకు కోరుటయే మరచును.

ఐదవది, మందులు. నిద్రకును, శాంతికిని ఇచ్చు మాత్రలు ఎవరు వ్రాసిరి, ఎందులకు వ్రాసిరి, ఎన్నాళ్ళకొకమారు వాటిని పునఃపరిశీలింతురు అను వివరములు పుస్తకమున నుండవలెను. మాట రానివాని అలజడిని అతని వైకల్యమునకే అంటగట్టి, లోపలి రోగమును వెదుకకపోవుట వైద్యులలో సైతము కానవచ్చు పొరపాటు. పన్ను, చెవి, మలబద్ధకము, మూత్రపు మంట - ఈ నాలుగింటిని మొదట చూడకుండ శాంతిమాత్ర వేయరాదని మనము గట్టిగా చెప్పవలెను. ఆరవది, పిలుపు. నలుబదియేండ్ల పురుషుని 'బుజ్జీ' యనుట, ఏబదియేండ్ల స్త్రీని 'పాపా' యనుట ప్రేమచేతనే కావచ్చును. కాని మన యిండ్లలో ఆ వయస్సువారిని అన్నా, అక్కా యని పిలుతుము గదా! వారికిని ఆ మర్యాద దక్కవలెను. ఏడవది, తలుపు. చెప్పకుండ ఏ వేళ వచ్చినను లోనికి రానిచ్చు గృహమును నమ్మవచ్చును. 'ఆదివారము మాత్రమే రండు' అను గృహమును గూర్చి మరల ఆలోచింపవలెను.

ఇవి యే భాషవారికైనను వర్తించును. మనకు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి గలదు.

మనము ఈ గడ్డలయందు తరతరములుగా నున్నవారము. మధురలోనివారు తమిళమును, బళ్ళారి కోలారులలోనివారు కన్నడమును, షోలాపురమువారు మరాఠీని, బరంపురమువారు ఒడియాను తమ రెండవ తల్లిభాషగా చేసికొనిరి. బజారులో ఒక భాష, వంటయింట ఒక భాష మనకు సహజము. కాని మేధోవైకల్యము గల బిడ్డ బజారునకు పోలేదు. పలువురు బడికిని పోలేదు. వానికి వంటయింటి భాష యొక్కటియే దక్కినది. ఆ యొక్క భాషనే తల్లి ఏండ్లకొలది ఓపికతో, ఒక్కొక్క మాటగా నేర్పినది. నలుబదియవ యేట అతనిని క్రొత్త యింట దింపి, అచ్చటి భాషను నేర్చుకొమ్మనుట న్యాయము కాదు. ఉన్న కొద్దిపాటి మాటలును చెల్లకపోగా, అతడు మాటలే లేనివానిగా లెక్కింపబడును. 'ఇతనికి మాటలు రావు' అని గృహపు పుస్తకమున వ్రాసియుంచిన మనవారు నిజముగా తెలుగున చక్కగా మాటలాడుట మేమెరుగుదుము.

యానాములోని మన సోదరులకు ఈ యిబ్బంది లేదనిపించవచ్చును. అచ్చట వీథిభాషయు తెలుగే. కాని వారును తమ బిడ్డను పుదుచ్చేరి పట్టణములోని గృహమునకు పంపినచో, అదే సలుపు, అదే సలిప్పు.

ఇక ఈ విషయమున గ్రంథభాష తెలిసిన తెలుగు నర్సు వచ్చినను పూర్తిగా చాలదు. మన యిండ్ల తెలుగు హోసూరున ఒక తీరు, షోలాపురమున ఒక తీరు, బరంపురమున మరియొక తీరు. అందులోను ఒక్కొక్క యింట బిడ్డ యొక్కొక్క మాటను తనదిగా మలచుకొని యుండును. 'సలుపు' అన్న మాట ఎల్ల తెలుగువారికిని తెలిసినదే. కడుపునొప్పికిని, ముల్లు గ్రుచ్చుకొన్నదానికిని ఆ మాటయే యని తల్లికి తప్ప ఇతరులకు తెలియదు. కనుక ఆ నిఘంటువును వ్రాయదగినవారు తల్లిదండ్రులును, తోబుట్టువులును మాత్రమే. వారు బ్రతికియుండగనే వ్రాయవలెను.

ఇందులకు మేము సూచించు ఉపాయము మిక్కిలి స్వల్పమైనది. ఇట్టి బిడ్డ గల ప్రతి కుటుంబమును ఒక నోటుపుస్తకము కొనవలెను. బిడ్డ పలుకు మాటను పలికినట్లే తెలుగున వ్రాసి, దాని ప్రక్కన ఆ రాష్ట్రపు లిపిలో వ్రాసి, అర్థమును, అప్పుడు చేయవలసిన పనిని ఆ రాష్ట్రభాషలో వ్రాయవలెను. 'బువ్వ' అనగా అన్నము. 'లాల' అనగా స్నానము. 'సలుపు' అనగా నొప్పి - ఎచ్చట అని అడిగి, చేయి పెట్టి చూపుమనవలెను. ఏబది మాటలకు మించవు. మాటలు లేనివారికి సైగలు వ్రాయవలెను: చెవి లాగుకొన్నచో భయము, చొక్కా అంచును నమలినచో ఆకలి, మూల కూర్చుండినచో జ్వరము వచ్చునేమో చూడవలెను. ఏ కూర తినడు, ఏ శబ్దమునకు బెదరును, ఏ పాట విన్నచో నిద్రపోవును, ఇంటిలో ఏ పేరుతో పిలుతురు - ఇవియు అందుండవలెను. ఒక ప్రతి గృహమునను, ఒక ప్రతి తోబుట్టువు నొద్దను, ఒక ప్రతి మన సంఘ కార్యాలయమునను ఉండవలెను.

ఈ సందర్భమున రెండు ఆక్షేపణలు రాగలవు. భాషాభిమానముచే మనము వైకల్యపు సమస్యను కూడ భాషాసమస్యగా మార్చుచున్నామని కొందరు అనవచ్చును. అది సరికాదు. మన గృహములు మనకే, మన పరిచారకులు మనవారే కావలెనని మేము అడుగుటలేదు. అట్టి గోడలు కట్టుట వలన ఆ బిడ్డలకు ఒరుగునది లేదు. ఆ తమిళ పరిచారిక వంటి దయగలవారిని వారు కోల్పోవుదురు. మేము కోరునది ఏబది మాటలు. తన భాషవాడు కాని రోగి యొద్ద కూర్చుండి ఏబది మాటలు నేర్చుకొనుట యే పరిచారికకును భారము కాదు. ఈ కోరిక మనకెంతయో తక్కినవారికిని అంతే. మన తెలుగు రాష్ట్రములలోని గృహములందున్న ఒడియా, తమిళ, ఉర్దూ కుటుంబముల బిడ్డలకును ఇదే మర్యాద జరుగవలెను.

రెండవ ఆక్షేపణ: ఇది ప్రభుత్వము చేయవలసిన పని కదా యని. చేయవలసినదే. రాజ్యాంగపు 350వ అధికరణము, దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను తన కష్టమును అధికారికి విన్నవించుకొను హక్కును పౌరునికి ఇచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందవలెనని చెప్పినది. అర్జీ వ్రాయగలవానిని, బడికి పోవు పిల్లవానిని రాజ్యాంగము తలచుకొన్నది. అర్జీయు వ్రాయలేక, బడికిని పోక, పంటినొప్పిని మాత్రము చెప్పుకొనవలసిన పెద్దవాని విషయమును అధికారుల దృష్టికి తెచ్చుట మన సంఘము వంటివాని ధర్మము. అందాక నోటుపుస్తకము కొనుటకు ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేదు.

తల్లిదండ్రులకు మరియొక విన్నపము. 'మా తరువాత చూచుకొందురులే' అను మాటను దయచేసి విడువుడు. బిడ్డకు 18 ఏండ్లు నిండినతోడనే చట్టదృష్టిలో అతడు పెద్దవాడు. తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము అంతటితో ముగియును. 1999 నాటి జాతీయ న్యాసపు చట్టము ప్రకారము ప్రతి జిల్లాలోను కలెక్టరు స్థాయి అధికారి యుండు స్థానిక సమితి యొకటి సంరక్షకుని నియమించును. తల్లిదండ్రులుగాని, బంధువులుగాని దరఖాస్తు చేయవచ్చును. నియమితుడైన సంరక్షకుడు ఆరు మాసములలో బిడ్డ ఆస్తుల పట్టికను దాఖలు చేయవలెను. ప్రతి సంవత్సరము లెక్కలు ఒప్పజెప్పవలెను. అతడు నిర్లక్ష్యము చేసినచో, ఆస్తిని కాజేసినచో, తొలగింపుమని సమితిని కోరవచ్చును. ఎవరైనను దౌర్జన్యము చేయుచున్నారని తోచినచో, 2016 చట్టపు 7వ విభాగము క్రింద ఏ వ్యక్తియైనను, రిజిస్టరు సంఘమైనను కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. అనగా మన సంఘమునకును ఆ యధికారము కలదు.

గృహమున చేర్చదలచినవారు ఒక్కసారిగా దింపిరాక, మొదట రెండు దినములు, పిమ్మట వారము దినములు ఉంచి చూడవలెను. తల్లి యింకను నడువగలిగియున్నప్పుడే ఈ అలవాటు చేసినచో, తల్లి పోయిన దినమే యిల్లు కూడ పోవు దుర్గతి బిడ్డకు తప్పును. ఇంటనే ఉంచుకొనదలచినవారిని మేము కాదనము. వారికిని ఆ నోటుపుస్తకము అవసరమే. వదినకును, మేనకోడలికిని ఆ మాటలన్నియు తెలియునని తలపరాదు. శిక్షణ విషయమున సలహా కావలసినవారికి, 1984లో స్థాపింపబడి సికింద్రాబాదున నడచుచున్న జాతీయ మేధోవైకల్య సంస్థ తెలుగు నేలమీదనే కలదని జ్ఞాపకము చేయుచున్నాము.

సంఘ శాఖలకు మా ప్రతిపాదనలు మూడు. ఒకటి, తమ పట్టణమునందలి ఇట్టి గృహములలో తెలుగు కుటుంబములకు చెందినవారు ఎందరున్నారో, వారి కుటుంబముల అనుమతితో, పేర్లను బహిరంగపరుపక లెక్క తీయవలెను. రెండు, ప్రతి గృహమునకును ఇద్దరు సభ్యులు, అందొకరు స్త్రీ, నెలకు రెండు పర్యాయములు పోయి, ఒక గంటసేపు కూర్చుండి తెలుగున మాటలాడి రావలెను. పండుగనాడు పండ్లు పంచి ఫొటో తీయించుకొనుటతో ఈ పని తీరదు. మూడు, నోటుపుస్తకము వ్రాయుటలో వృద్ధులైన తల్లిదండ్రులకు మన యువకులు తోడ్పడవలెను. పెద్దలు చెప్పుచుండగా తెలుగును, రాష్ట్రభాషను రెండును వ్రాయగల యువతీయువకులు మనలో పలువురున్నారు. రెండు లిపులు తెలిసిన విద్యకు ఇంతకంటె మంచి వినియోగము ఏమి యుండును?

ఆ తల్లి తన పుస్తకమును ఇదివరకే ప్రారంభించినది. మా కార్యాలయములోనే కూర్చుండి, ఇరువది రెండు మాటలు చెప్పినది, మేము వ్రాసితిమి. పరిచారికకు ఆ కాగితము అందినది. ఆమె అందలి మొదటి మాటను గోడమీద తమిళ లిపిలో వ్రాయించుకొని, పాత పొరపాటునకు కంటనీరు పెట్టుకొన్నదట. ఆమెను మేము అభినందించుచున్నాము. తక్కిన మాటలు వ్రాయుటకు ఆ తల్లి వచ్చే బుధవారము మరల రానున్నది. తమ యింటను ఇట్టి బిడ్డ గలవారు సంకోచింపక అదే దినమున ఆమెతో కూడ రావలెనని కోరుచున్నాము.